వంటింట్లో నలభై ఒక్క వాల్వులు

నీళ్ళమ్మ అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. కానీ ఆ రిజిస్టరు రాసే గుమాస్తా కూడా ఆమెను నీళ్ళమ్మ అనే పిలిచేవాడు. ఇరవై రెండేళ్ళుగా ఊరికి నీళ్ళు వదిలేది ఆమే. మొగుడు చేసిన పని, మొగుడు పోయాక ఆమె చేతికొచ్చింది. నిలువెత్తు ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వీధిలోకి వచ్చిందంటే, అక్కడి ఆడవాళ్ళు మాటలాపి బిందెలు కడుక్కునేవారు. రోడ్డు మీది మూత కాలితో పక్కకి తన్ని, కడ్డీ గుంతలోకి దించి నాలుగు తిప్పులు తిప్పితే ఆ వీధికి నీళ్ళొచ్చేవి.

ఊరు మొత్తానికి నలభై ఒక్క వాల్వులు. రోజుకి ఎనిమిది, అయిదో రోజు మాత్రం తొమ్మిది. అలా ప్రతి వీధికీ అయిదు రోజులకోసారి వంతు వస్తుంది. ఏ వాల్వు ఎక్కడుందో రాసిన కాయితం ఆఫీసులో లేదు, ఎక్కడా లేదు. అంతా ఆమె తలలోనే ఉంది. పేర్లు కూడా ఆమె పెట్టినవే. కుక్కలాయన వాల్వు, విరిగిన మెట్టు వాల్వు, పోట్లాడుకునే అన్నదమ్ముల వాల్వు. ఆ అన్నదమ్ములు రాజీపడి పదేళ్ళయింది. వాల్వు పేరు మాత్రం మారలేదు.

కోడలు కూడా అదే నీళ్ళ ఆఫీసులో పనిచేసేది, కంప్యూటరు ముందు. ఆమెది ఆర్నెల్లకోసారి మళ్ళీ రాసిచ్చే ఉద్యోగం. అయిదోనెల వచ్చేసరికి ఆమెకి నిద్ర పట్టేది కాదు, ఆమెకి పట్టకపోతే పక్కనున్న మొగుడికీ పట్టేది కాదు, పొద్దున్నే ఇద్దరూ ఉబ్బిన మొహాలతో టీ గ్లాసుల ముందు కూర్చునేవారు.

అలాంటి ఒక అయిదోనెలలో పెద్ద ఇంజనీరు ఆమెను పిలిచాడు.

"ఊళ్ళో వాల్వులన్నీ ఆన్‌లైన్ మ్యాపులో కనబడాలి. ఫోన్లో తెరిస్తే ఏ వీధి వాల్వు ఎక్కడుందో తెలియాలి. సోమవారం దాకా టైమిస్తున్నా. చేశావా, నీ ఉద్యోగం పర్మనెంటు. చెయ్యలేకపోయావా, ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తా, నీ కుర్చీతో సహా."

"చేస్తాను సార్. వాల్వులు తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉంది," అంది కోడలు.

ఆ సాయంత్రమే అత్త చేతిలో ఫోను పెట్టింది.

"అత్తయ్యా, చాలా తేలిక. వాల్వు దగ్గర నిలబడండి. ఈ పచ్చ గుండీ నొక్కండి. పేరేంటని అడుగుతుంది. చెప్పండి. అంతే."

కోడలు చెప్పిన నాలుగు ముక్కలూ నీళ్ళమ్మ శ్రద్ధగానే విన్నది. కాకపోతే అందులో మొదటిది అనవసరం అనిపించింది.

దానికి కారణం ఆమె కుడి మోకాలు. వానాకాలం మొదలైనప్పటి నుంచి అది ఆమె మాట వినడం మానేసింది. ఆ రోజు వంతు ఎనిమిది వాల్వులు తిరిగి ఇల్లు చేరేసరికే ఉబ్బిపోయి, మంచం ఎక్కడుందా అని చూసేది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకసారెప్పుడో కొడుకు, "ఇంక చాల్లేమ్మా, మానెయ్యరాదూ," అన్నాడు. అప్పటినుంచి వాడి ముందు ఆమె 'అబ్బా' అని కూడా అనలేదు. నొప్పి పుట్టి నోరు తెరుచుకున్నప్పుడల్లా ఆవలించినట్టు నటించేది. తల్లికి ఈమధ్య నిద్ర చాలడం లేదని కొడుకు అనుకున్నాడు.

బుధవారం వాన పడింది. గురువారం ఎనిమిది వాల్వులు తిరిగొచ్చి వంటింట్లో స్టూలు మీద కూలబడింది. ఒళ్ళో ఉల్లిపాయలు, పక్కన ఫోను. ఇంకో ముప్పై మూడు చోట్లకి నడవడం తన వల్ల కాదని ఆమెకి తెలుసు. అప్పుడామెకి ఒక ఆలోచన వచ్చింది.

మొన్నామధ్య కొడుకు ఏదో ఊరు వెళ్తుంటే ఈ ఫోనే కదా, పేరు చెప్పగానే 'రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకి తిరగండి' అని దారి చూపించింది! ఎప్పుడూ చూడని ఊరిలో సందులు తెలిసిన ఫోనుకి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే పడి ఉన్న వాల్వులు తెలియకుండా ఉంటాయా? పేరు చెబితే అదే వెతుక్కుంటుంది. కోడలు చిన్నపిల్ల, మరీ జాగ్రత్తగా చెప్పింది అంతే.

పచ్చ గుండీ నొక్కింది. "కుక్కలాయన వాల్వు," అంది. ఫోను టింగుమంది. ఎదురు చెప్పలేదు. ఒక ఉల్లిపాయ తరిగింది. మళ్ళీ నొక్కింది. "విరిగిన మెట్టు." టింగ్. కూర ఉడికేసరికి నలభై ఒకటీ అయిపోయాయి. మధ్యలో పొయ్యి మీద గిన్నె చూడ్డానికి లేచింది, కాసేపు ముందు గదిలో ఫ్యాను కింద కూర్చుంది, రెండుసార్లు చేతులు కడుక్కోడానికి వెళ్ళింది, ఒకసారి పక్కింటావిడతో మాట్లాడుతూ గోడ దగ్గర నిలబడింది. ఎక్కడున్నా నొక్కడం మాత్రం ఆపలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం కోడలు ఆ వివరాలన్నీ ఫైలుగా చేసి మ్యాపులోకి ఎక్కించడానికి కూర్చుంది. నీళ్ళమ్మ కడ్డీ గోడకి ఆనించి పక్కన కుర్చీలో చేరింది, తన పనితనం కళ్ళారా చూసుకుందామని.

మ్యాపు ఫైలుని తీసుకోనంది.

"ఏమైంది?" అంది అత్త.

"ఇది ఒక్క ఫైలు కాదు అత్తయ్యా. ఒకే పేరుతో నాలుగుంటాయి. ఒకదాంట్లో చుక్కలు, ఒకదాంట్లో వాటి పేర్లు, ఒకదాంట్లో ఏ చుక్కకి ఏ పేరో, ఇంకోదాంట్లో భూమి మీద ఏ కొలతతో కొలిచామో. నేను ఒక్కటే పంపా."

"అంటే మీ ఆయన మేనత్త లాంటిది. నలుగురు పిల్లల్నీ పిలవకపోతే తనూ రాదు."

"అచ్చం అంతే. నలుగుర్నీ ఒకే మూటలో కట్టి పంపాలి."

నాలుగింటినీ మూట కట్టి పంపింది. ఈసారి మ్యాపు తీసుకుంది. గుండ్రంగా తిరుగుతూ, తిరుగుతూ, నీలంగా ఆగింది. ఎటు చూసినా నీలమే. మధ్యలో ఒక ఎర్ర చుక్క.

"ఇదేంటే, మన ఊరేది?"

కోడలు మొహం పాలిపోయింది. "సముద్రంలో పడ్డాయి."

"నలభై ఒకటీనా?"

"నలభై ఒకటీ."

"ఇక చేపలకి అయిదు రోజులకోసారి నీళ్ళు వదలాలన్న మాట," అంది నీళ్ళమ్మ. కోడలు నవ్వలేదు.

గంటసేపు తల పట్టుకున్నాక తప్పు దొరికింది. భూమి మీద ప్రతి చోటుకీ రెండు అంకెలుంటాయి, అక్షాంశం ఒకటి, రేఖాంశం ఒకటి. బళ్ళో అందరం ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం అనే చదువుకున్నాం. ఈ మ్యాపు మాత్రం రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. కోడలు బళ్ళో చెప్పినట్టే పెట్టింది. మ్యాపు దాన్ని తన పద్ధతిలో చదువుకుని, ఊరి నీళ్ళన్నీ సముద్రంలో కలిపేసింది.

రెండు వరుసల్నీ అటుదిటు, ఇటుదటు మార్చింది. ఈసారి మ్యాపు తిన్నగా వచ్చి ఊరి మీద ఆగింది. చెరువంత గుండ్రం, దాని మధ్యలో అంకె: 41.

"వచ్చేశాయ్!" అని కోడలు కుర్చీలోంచి లేచింది. "నలభై ఒకటీ మన ఊళ్ళోనే ఉన్నాయ్ అత్తయ్యా!"

దగ్గరదగ్గరగా ఉన్న చుక్కల్ని మ్యాపు ఒకే గుండ్రంగా చుట్టి, లోపల ఎన్నున్నాయో అంకె వేస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే అవి విడిపోవాలి. కోడలికి ఆ సంగతి బాగా తెలుసు. కానీ సముద్రం నుంచి అప్పుడే ఒడ్డుకొచ్చిన మనిషికి దగ్గరికెళ్ళి చూసే ఓపిక ఎక్కడుంటుంది? పైగా పెద్ద ఇంజనీరు ఫోను చేస్తున్నాడు.

"అయిపోయింది సార్."

"అప్పుడేనా! అయితే ఊరి వెబ్‌సైటులో పెట్టించెయ్. అందరూ చూసుకుంటారు."

అందరూ చూసుకున్నారు.

*

శనివారం పొద్దున ఎనిమిది కాకముందే వీధి తలుపు దబదబ మోగింది. కోడలు తలుపు తీసింది. ఎదురుగా మూడో వీధి టైలరు, నోట్లో బ్రష్షు, చేతిలో ఫోను.

"మా వీధి వాల్వు మీ వంటింట్లో ఉందట కదా చెల్లెమ్మా. ఒకసారి చూసి పోదామని."

"మా వంటింట్లోనా?"

"ఇదిగో, నేనన్నానా, మ్యాపు అంటోంది."

అతని వెనక లెక్కల మేష్టారు, ఆయన వెనక కుక్కతో కుక్కలాయన, ఆ వెనక రాజీపడిన అన్నదమ్ములిద్దరూ, ఇంకో నలుగురు. మొత్తం తొమ్మిదిమంది, తొమ్మిది ఫోన్లు, ఒక కుక్క.

"అందుకేనా మా వీధికి సన్నగా వస్తున్నాయి!" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దాడు.

"ఇరవై రెండేళ్ళుగా నమ్మాం నీళ్ళమ్మా!" అన్నాడు చిన్నాడు. పదేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి.

కోడలు తన ఫోన్లో మ్యాపు తెరిచి, గుండ్రం మీద నొక్కి, దగ్గరికి, ఇంకా దగ్గరికి లాగింది. గుండ్రం విడిపోయింది. ఇరవై ఆరు వాల్వులు వంటింట్లో ఉన్నాయి. తొమ్మిది ముందు గదిలో. నాలుగు పక్కింటివాళ్ళ గోడ మీద. రెండు బాత్రూంలో. బాత్రూంలోంచి అప్పుడే తువ్వాలుతో బయటికొచ్చిన మొగుడు, ఇంతమంది తనవైపే అనుమానంగా చూడ్డంతో మళ్ళీ లోపలికి పోయాడు.

ఫోను మోగింది. పెద్ద ఇంజనీరు.

"నాకు ఇప్పటికి ఎనిమిదిమంది చేశారు. మీ అత్తగారు ఊరి నీళ్ళన్నీ ఇంట్లోకి తిప్పుకుందట! వెబ్‌సైటులో నా పేరుందమ్మా, నా పేరు! ఇక సోమవారం దాకా ఆగేది లేదు. పన్నెండింటికి నేనే వస్తున్నా. అప్పటికి మ్యాపు సరిగ్గా ఉందా, సరే. లేదా, అక్కడినుంచే కంపెనీవాడికి ఫోను కొడతా."

కోడలు ఫోను కింద పెట్టి వంటింట్లోకి నడిచింది. నీళ్ళమ్మ పొయ్యి వైపు తిరిగి, ఎప్పుడో మరిగిపోయిన పాలని శ్రద్ధగా చూస్తోంది.

"అత్తయ్యా. వాల్వుల దగ్గర నిలబడే నొక్కారా?"

"నిలబడలేదు."

"మరి?"

"కూర్చున్నా."

"ఎక్కడ కూర్చున్నారు?"

"ఇదిగో, ఈ స్టూలు మీద," అంది నీళ్ళమ్మ చిన్నగా. "అన్నీ తెలిసిన ఫోనని నువ్వే అంటావు కదే. పేరు చెబితే వెళ్ళి చూసుకుంటుందనుకున్నా."

కోడలు తిట్టుంటే బాగుండేదనిపించింది అత్తకి. ఆ పిల్ల కోపమొస్తే గిన్నెలు మోగిస్తుంది, ఏడుపొస్తే మాత్రం గిన్నెల జోలికి పోదు. ఇప్పుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది.

"పన్నెండింటికి నా ఉద్యోగం పోతుంది," అంది.

"పోదు. పద, బండి తియ్. వెనక కూర్చుంటా, అన్నీ తిరిగొద్దాం." గబుక్కున లేచింది నీళ్ళమ్మ. మోకాలు లేవలేదు. ఆవలింత నటించే వ్యవధి లేక, "అబ్బా!" అని అరిచింది, ముందు గదిలో ఉన్న తొమ్మిదిమందికీ వినబడేలా.

కొడుకు తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చాడు. మోకాలు మీది బట్ట జరిపి చూస్తే చిన్నసైజు సొరకాయంత ఉంది.

"ఎప్పట్నుంచమ్మా ఇది?"

"నువ్వు మానెయ్యమన్నప్పట్నుంచి."

"అందుకే మానెయ్యమన్నా!"

"అందుకే చెప్పలేదు!"

"మీ గొడవ తర్వాత," అంటూ గడప మీద నుంచి లేచింది కోడలు. నలభై ఒక్క చోట్లు, నాలుగు గంటలు, ఒక స్కూటరు, ఆ మోకాలితో ప్రతిచోటా దిగడం, ఎక్కడం. అయ్యే పని కాదు. ముందు గదిలోకి తొంగిచూసింది. తొమ్మిది ఫోన్లున్నాయి. తొమ్మిది ఫోన్లకీ కాళ్ళున్నాయి.

"మీలో ఎవరికైనా మీ వీధి వాల్వు ఎక్కడుందో తెలుసా?" అని అడిగింది.

ఇరవై రెండేళ్ళుగా నీళ్ళు పట్టుకుంటున్నవాళ్ళే, ఒక్కరికీ తెలియదు.

"మా అత్తయ్యకి తెలుసు. ఆవిడ ఇక్కడ కూర్చుని ఫోన్లో చెబుతుంది. మీరు వెళ్ళి సరిగ్గా మూత మీద నిలబడి, మీరున్న చోటు అంకెలు నాకు చెప్పండి. మనిషికి నాలుగు వాల్వులు. పన్నెండులోపల ఇది కాకపోతే బయటి కంపెనీ వస్తుంది. వాళ్ళకి మీ వీధి పేరే తెలీదు, ఇక వాల్వేం తెలుస్తుంది? తర్వాత మీ ఇష్టం."

"వరుసలో నిలబడండి!" అన్నాడు లెక్కల మేష్టారు వెంటనే. రిటైరై పదకొండేళ్ళయింది, ఆ మాట అనే అవకాశం ఆయనకి మళ్ళీ ఇప్పుడే వచ్చింది. "కొడుకుతో కలిపి పదిమంది. పది నాలుగులు నలభై. ఇంకొకటి మిగులుతోందే?"

"అది నే చూసుకుంటాలే," అంది నీళ్ళమ్మ, ఎటో చూస్తూ.

*

అలా నీళ్ళమ్మ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. చెవికి ఒక ఫోను, చేతిలో ఇంకోటి. కోడలు గట్టు మీద కంప్యూటరు పెట్టుకుని నిలబడింది.

"మంగలి షాపు మెట్టుకి వీపు పెట్టి నిలబడు. తిన్నగా నాలుగడుగులు వెయ్. నీ అడుగులు కాదురా, నా అడుగులు! నువ్వు ఒంటెలా వేస్తే అవతలి వీధికి పోతావు. ఆ. ఎడం పక్కన మూత ఉందా?"

"లేదు పిన్నిగారూ," అన్నాడు అటునుంచి ఒక కుర్రాడు.

"చెత్తకుండీ ఉందా?"

"ఉంది."

"జరుపు."

కాసేపు ఫోన్లో రొప్పు వినబడింది. "ఉందండీ! మూతుంది!"

"ఉండక ఎక్కడికి పోతుంది? ఎక్కి నిలబడు. అంకెలు చెప్పు."

తర్వాతి వంతు మేష్టారిది. ఆయన అంకెల్ని ఒక్కొక్కటిగా, మధ్యలో ఊపిరి తీసుకుంటూ చదివాడు. కోడలు కొడుతుంటే, "అక్షాంశం ముందు రాశావా అమ్మాయ్?" అన్నాడు.

"రేఖాంశం ముందండీ."

"అదెక్కడి పద్ధతి! ముప్పై ఆరేళ్ళు పిల్లలకి అక్షాంశం ముందని చెప్పాను!"

"మీ పద్ధతిలో పెడితే సముద్రంలో పడుతున్నాం మేష్టారూ."

"అంతమందినీ ముంచేశానా," అన్నాడాయన బాధగా.

కుక్కలాయన అసలు ఫోనే ఎత్తలేదు. కుక్క ముందే వెళ్ళి మూతల మీద కూర్చుంటోందనీ, అక్కడ దానికి చల్లగా ఉంటుందనీ, తనకి దారి చెప్పక్కర్లేదనీ తర్వాత తెలిసింది. నాలుగు చోట్ల అంకెలూ అందరికంటే ముందు పంపాడు.

పదకొండింటికి టైలరు వంతు వచ్చింది. "విరిగిన మెట్టు వాల్వు మీదే ఉన్నానక్కా, రాసుకోండి," అన్నాడు.

నీళ్ళమ్మ చెవి ఫోనుకి ఇంకాస్త నొక్కింది. "ఆ టకటక ఏంటి?"

"ఏ టకటక?"

"మిషను చప్పుడు! నువ్వు షాపులో కూర్చుని చెబుతున్నావు! సిగ్గులేదూ? వాల్వు దగ్గర నిలబడమంటే నిలబడాలి. కుర్చీలో కూర్చుని పేరు చెబితే ఫోను నడిచెళ్ళి చూసొస్తుందా? అంతమాత్రం తెలీదూ?"

మాట పూర్తయ్యాక ఆమెకి తెలిసింది, గట్టు దగ్గర చప్పుడు ఆగిపోయిందని. కోడలు తల తిప్పి అత్తనే చూస్తోంది. నీళ్ళమ్మ మెల్లగా అటు తిరిగి, బుట్టలో ఒక ఉల్లిపాయ తీసుకుని దాని పొట్టు చూడసాగింది. కోడలి భుజాలు కదిలాయి. పొద్దుట్నుంచి మొదటిసారి ఆ పిల్ల నవ్వింది, నవ్వలేదన్నట్టు.

పన్నెండుకి పావుగంట ఉందనగా నలభై చుక్కలూ ఊరంతా పరుచుకున్నాయి. పదిమందీ చెమటలు కక్కుతూ ముందు గదిలోకి చేరి టీ అడిగారు.

"ఇంకొకటి, అత్తయ్యా. ఆ చూసుకుంటానన్నది."

నీళ్ళమ్మ లేచి కుంటుకుంటూ వెళ్ళి వంటింటి తలుపేసింది. గ్యాసు సిలిండరు చూపించి, "దాన్ని ఇటు లాగు," అంది. కింద ఒక నల్లరాతి పలక ఉంది. "అదీ లాగు."

పలక కింద గుంత. గుంతలో వాల్వు.

కోడలు వంగి గుంతలోకి చూసింది.

"మీ మామయ్య కట్టాడు," అంది నీళ్ళమ్మ. "అప్పట్లో ఈ వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకరు ఊపిరి బిగబట్టాల్సొచ్చేది. గోడ మూడడుగులు వీధిలోకి జరిపాడు. వాల్వు లోపలికొచ్చింది. వచ్చే నెల గోడ వెనక్కి తీసుకుంటానన్నాడు. వచ్చే నెలకి ఆయన లేడు."

"అంటే అయిదు రోజులకోసారి మీరు తలుపేసుకుని కునుకు తీసేది..."

"ఏం కునుకు! మన వీధికి నీళ్ళు వదిలేదాన్ని."

ఆరేళ్ళుగా ఆ సిలిండరు పక్కనే నిలబడి వంట చేసిన కోడలు ఆ గుంతనీ, కంప్యూటరునీ, గడియారాన్నీ చూసింది. గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, ఇది ఇక్కడుందని తెలిస్తే ఇంజనీరు మనిద్దర్నీ ఉంచడు. చుక్కని మూడడుగులు అటు జరుపుతా. రోడ్డు మీద పడుతుంది. ఎవరికి తెలుస్తుంది?"

నీళ్ళమ్మకి ఆ మాట ఎంత హాయిగా వినబడిందో చెప్పలేం. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేసింది కూడా అదే, చుక్క లేకుండా. సరే అనబోయింది. అనబోతూ గట్టు మీది కంప్యూటరు వైపు చూసింది.

"వద్దు."

"ఎందుకు?"

"రేపు మన వీధిలో పైపు పగులుతుంది. నేనుండను, ఎక్కడో మంచమ్మీద ఉంటా. నీ మ్యాపు చూసుకుని రోడ్డు తవ్వుతారు. వాల్వు దొరకదు, నీళ్ళు ఆగవు, ఇళ్ళు మునుగుతాయి. ఈ అబద్ధం ఎవరు రాశారని అడుగుతారు. దాని మీద నా పేరుండదే, నీ పేరుంటుంది. ఇవాళ పోయే ఉద్యోగమైతే తిట్టుకుంటూ బతుకుతాం. అలా పోతే ఇంకెవరూ ఇవ్వరు నీకు. ఉన్నచోటే పెట్టు."

కోడలు వాల్వు మీద ఫోను పెట్టి, పచ్చ గుండీ నొక్కింది.

*

పెద్ద ఇంజనీరు ఎవర్నీ అడక్కుండానే లోపలికొచ్చేశాడు. ఫోన్లో మ్యాపు పట్టుకుని, అది ఎటు చూపిస్తే అటు అడుగేస్తూ, ముందు గది దాటి, తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చి, గ్యాసుపొయ్యి ముందు ఆగాడు.

"నలభై బయటికెళ్ళాయి, బాగుంది. ఈ ఒక్కటీ ఇంకా ఇక్కడే ఉందేం?"

"ఇక్కడే ఉంది సార్," అంది నీళ్ళమ్మ, గుంత చూపించి. "ఇది మా ఆయన తప్పు, తర్వాత నా తప్పు. అమ్మాయికి పావుగంట కిందటి దాకా తెలీదు. మ్యాపులో తప్పు లేదు."

ఇంజనీరు వంగి చూశాడు. నమ్మలేదు. "ఇది ఎప్పుడో పాడైన వాల్వు అయ్యుంటుంది. ఆ కడ్డీ ఇటివ్వండి."

కడ్డీ దించి, పళ్ళు బిగించి నాలుగు తిప్పులు తిప్పాడు. నేలలోపల ఏదో గురగుర. మరుక్షణం వీధిలో ఒక కేక.

"నీళ్ళొచ్చాయ్! వంతు కాకుండా నీళ్ళొచ్చాయ్!"

బిందెల మోత, పరుగులు. ముందు గదిలో టీ తాగుతున్నవాళ్ళు దిగ్గున లేచారు. "ఈ వీధికి నిన్ననేగా వచ్చాయి!" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దాడు. "నీళ్ళమ్మ ఇంట్లో కూర్చుని వదిలేస్తోంది, మా కళ్ళముందే!" అన్నాడు తమ్ముడు. టైలరు గ్లాసు పట్టుకునే వంటింట్లోకి తోసుకొచ్చాడు. కుక్క మొరిగింది.

"మూసెయ్యండి సార్, మూసెయ్యండి!"

ఇంజనీరు తిప్పాడు. అది కదల్లేదు. రెండు చేతులతో వేలాడాడు. కళ్ళద్దాలు జారి ముక్కు చివరికొచ్చాయి. నీళ్ళమ్మ స్టూలు మీద కూర్చునే చెయ్యి చాచి, కడ్డీని కాస్త పైకెత్తి, పక్కకి వంచి, తేలిగ్గా తిప్పి మూసేసింది. వీధిలో అందరూ ఒక్కసారిగా తిట్టుకున్నారు.

ఇంజనీరు కళ్ళద్దాలు సరిచేసుకుని గుంతలోకి, తర్వాత తన ఫోన్లోకి చూశాడు. చుక్క సరిగ్గా అక్కడే ఉంది.

"కంపెనీవాడు నెల తిరిగినా దీన్ని పట్టుకోలేడు," అన్నాడు తనలో తను. "కనుక్కున్నా మనకి చెప్పడు." తర్వాత గొంతు పెంచాడు. "ఈ గోడ నెలలోపల వెనక్కి పోవాలి. పోకపోతే నేనే పడగొట్టిస్తా. సరేనా?"

"సరే సార్."

"అమ్మాయ్, సోమవారం వచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకో. కానీ అప్పటికి ప్రతి వాల్వు దగ్గరికీ నువ్వే స్వయంగా వెళ్ళి, నిలబడి, సరిచూసి సంతకం పెట్టాలి. నిలబడి! మీ ఇంటి పద్ధతి కాదు."

అందరూ వెళ్ళాక కోడలు గిన్నెలన్నీ పెద్దగా మోగిస్తూ కడిగింది. నీళ్ళమ్మకి ఆ మోత బాగుంది.

సాయంత్రం ఎండ తగ్గాక స్కూటరు తీశారు. కడ్డీ పక్కన కట్టారు, మోకాలికి మందు రాసి గుడ్డ చుట్టారు. వాల్వు రాగానే కోడలు దిగి మూత మీద నిలబడేది. అత్త వెనక సీటు మీంచి దిగకుండా, "ఇంకాస్త ఇటు, ఆ, అదీ," అనేది. పదిహేడు అయ్యేసరికి కోడలు బండి ఒక పక్కగా ఆపింది.

"అత్తయ్యా, నాకు చెప్పకుండా దాచింది ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పెయ్యండి. నేనింక ఏదీ తట్టుకోలేను."

నీళ్ళమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"నలభై రెండోది ఒకటుంది."

"అత్తయ్యా!"

"అరవకే. పనికిరానిది, మీ మామయ్య కాలంలోనే మూసేశారు. దానిమీద ఆఫీసువాళ్ళే మెట్లు కట్టేశారు."

"ఎక్కడ?"

"పెద్ద ఇంజనీర్ల క్వార్టర్సు. ఆయన రోజూ చెప్పులు విప్పే మెట్టు కింద."

కోడలు వెనక్కి తిరిగి అత్త మొహంలోకి చూసింది. "ఆయనకి తెలుసా?"

"తెలీదు. చెబుదాంలే, అదేమన్నా ఎక్కడికైనా పోతుందా," అంది నీళ్ళమ్మ, కోడలి నడుం చుట్టూ చెయ్యేసి గట్టిగా పట్టుకుంటూ. "సోమవారం ఆర్డరు చేతికి రానియ్. మంగళవారం చెబుదాం. బండి పోనీ."